తెరమీది మరణశాసనము

1948వ సంవత్సరము జూన్ 8వ తేదీన, కెనడా దేశమందలి సస్కాచెవాన్ రాష్ట్రములో, ఒక రైతు పొలములో పనిచేయుచు తన ట్రాక్టరు క్రిందనే చిక్కుకొనెను. కేక వేసిన పలుకువారు లేరు. గంటలు గడచుచుండెను. బ్రతుకుమీద ఆశ సన్నగిల్లిన ఆ మనుష్యుడు జేబులోని చిన్న చాకు తీసి, చేతికందిన చక్రపు రేకుమీద రెండు ముక్కలు గీకెను. ఈ ఆపదలో తాను మరణించినచో ఉన్నదంతయు భార్యకే చెందవలెనని వాని భావము. క్రింద తన పేరు చెక్కెను. తరువాత అతనిని కనుగొని ఆసుపత్రికి చేర్చిరి గాని అతడు దక్కలేదు. రేకుమీది గీతలను ఇరుగుపొరుగువారు కొన్ని దినముల పిదపగాని గమనింపలేదు. సాక్షులు లేకున్నను స్వహస్తముతో వ్రాసి సంతకము చేసిన వీలునామా చెల్లునను చట్టము ఆ రాష్ట్రమున నుండుటచేత, న్యాయస్థానము ఆ గీతలను మరణశాసనముగా అంగీకరించెను. ట్రాక్టరునుండి కోసి తీసిన ఆ ఇనుపరేకు నేటికిని సస్కాచెవాన్ విశ్వవిద్యాలయపు న్యాయకళాశాలలో భద్రముగా నున్నది.

దాదాపు డెబ్బది ఏండ్ల తరువాత, 2016లో, ఆస్ట్రేలియాలోని క్వీన్సులాండు రాష్ట్రములో మరియొకడు మరణించెను. అతని చేతియందు చాకు లేదు, ఫోను ఉన్నది. అందులో తమ్మునికి పంపదలచి వ్రాసిన సందేశమొకటి, పంపబడకయే, చిత్తుప్రతులలో నిలిచిపోయి కనబడెను. ఇల్లును, ఉద్యోగవిరమణ నిధియు తమ్మునికిని, అతని కుమారునికిని చెందవలెననియు, భార్యకు ఆస్తిలో పాలు లేదనియు, తన చితాభస్మమును పెరటిలో నుంచవలెననియు అందు వ్రాసియుండెను. చివర ఇది తన వీలునామాయని పేర్కొని, చిరునవ్వు గుర్తునొకదానిని పెట్టెను. భార్య న్యాయస్థానమున అడ్డుచెప్పెను. పంపని సందేశము నిశ్చయమైన సంకల్పమెట్లగునని ఆమె వాదము. సందేశము పంపినచో తమ్ముడు అప్పుడే హెచ్చరిక పొందియుండెడివాడు గనుక, పంపకుండుట సంకల్పలోపమునకు చిహ్నము గాదని 2017లో న్యాయస్థానము భావించెను. సందేశము చెల్లినది.

ఇట్టి తీర్పులు అక్కడక్కడ మరికొన్ని కలవు. 2002లో దక్షిణాఫ్రికా న్యాయస్థానమొకటి కంప్యూటరులో నిలువచేసిన వీలునామాను అంగీకరించెను. అమెరికాలోని ఒహాయో రాష్ట్రములో, ఆసుపత్రి పడకమీద నున్న రోగి చెప్పిన మాటలను సోదరుడు టాబ్లెట్టు పలకమీద పుల్లవంటి కలముతో వ్రాయగా, రోగియు, సాక్షులును ఆ తెరమీదనే సంతకములు చేసిరి. 2013లో అదియు చెల్లినది. ఈ వార్తలు పత్రికలలో వచ్చినప్పుడెల్ల చదువరులు ఇక వీలునామాకు కాగితముతో పని లేదనుకొనుట సహజమే. కాని ఆ తీర్పులను దగ్గరగా చూచిన, గెలిచినవారు సయితము కోర్టుమెట్లు ఎక్కిన తరువాతనే గెలిచిరని తెలియును. క్వీన్సులాండులో నియమము తప్పిన పత్రమునైనను, మృతుని సంకల్పము స్పష్టమైనచో మన్నించుటకు న్యాయమూర్తికి చట్టము అధికార మిచ్చినది. అనగా అక్కడ ఫోను సందేశము వీలునామా కాదు. వీలునామాగా నెంచుడని వేడుకొనుటకు వీలున్నది, అంతియే. ఆ వేడుకోలునకు వకీళ్లు, సాక్షులు, వ్యయము, కుటుంబములో వైరము తప్పవు.

మరి మన దేశములో? ఇక్కడ ఆ వేడుకోలునకును చోటు లేదు.

1925 నాటి భారత వారసత్వ చట్టపు 63వ సెక్షను చెప్పునది చాల సరళము. వీలునామా వ్రాసినవాడు దానిపై సంతకము చేయవలెను, లేదా గుర్తు పెట్టవలెను. తాను చేయలేనిచో తన యెదుట, తన యాజ్ఞమీద మరియొకరు చేయవచ్చును. కనీసము ఇద్దరు సాక్షులు అతడు సంతకము చేయుట చూచియుండవలెను, లేదా అది తన సంతకమేయని అతడు చెప్పగా వినియుండవలెను. ఆ సాక్షులలో ప్రతియొక్కరు అతని సమక్షమున తమ సంతకము చేయవలెను. ఇద్దరును ఒకే సమయమున ఉండవలెనను నిర్బంధము సైతము లేదు. యుద్ధరంగమున నున్న సైనికునికి, సముద్రముమీద నున్న నావికునికి మాత్రము ఈ నియమములనుండి సడలింపు కలదు. అట్టివారు ఇద్దరు సాక్షుల యెదుట నోటితో చెప్పినను చెల్లును. కాని ఆ ప్రత్యేకస్థితి తొలగిన పిదప నెల దినములు జీవించియున్నచో ఆ నోటిమాట రద్దగును. ముస్లిములకు వారి ధర్మశాస్త్రమే వర్తించును. అందులో నోటిమాటతోనైనను వీలునామా చేయవచ్చును. అయితే అంత్యక్రియల వ్యయము, ఋణములు పోగా మిగిలినదానిలో మూడవవంతునకు మించినది వారసుల సమ్మతి లేనిదే చెల్లదు.

2000వ సంవత్సరములో సమాచార సాంకేతిక చట్టము వచ్చెను. ఎలక్ట్రానిక్ పత్రము కాగితముతో సమానమనియు, ఎలక్ట్రానిక్ సంతకము చేతి సంతకముతో సమానమనియు ఆ చట్టము ప్రకటించెను. కాని అదే చట్టము తనకు లోబడని పత్రములను కొన్నింటిని వేరుపరచెను. వానిలో వీలునామా ఒకటి. ఏ పేరుతో పిలిచినను, మరణానంతరము ఆస్తి పంపకమును నిర్ణయించు పత్రమేదియు ఆ చట్టముక్రిందికి రాదు. 2022 సెప్టెంబరులో ఆ మినహాయింపుల పట్టికను కేంద్రప్రభుత్వము సవరించెను. స్థిరాస్తి అమ్మకపు ఒడంబడికలను పట్టికనుండి తొలగించెను. వీలునామాను మాత్రము కదల్పలేదు. కావున వాట్సప్ సందేశము గాని, ఈమెయిలు గాని, కన్నీటితో చెప్పిన వీడియో గాని, కంప్యూటరులో కూర్చి ఎలక్ట్రానిక్ సంతకము చేసిన పత్రము గాని హిందువుల విషయమున, క్రైస్తవుల విషయమున వీలునామా కానేరదు.

ఈ నియమము ఎవరి బ్రతుకును ఎట్లు తాకునో ఒక తీర్పు చెప్పగలదు. 1955లో ఒక బాలికకు పెండ్లియయ్యెను. మూడు నెలలు గడవకమునుపే భర్త మరణించెను. అత్తవారు ఆమెను ఇల్లు వెడలగొట్టిరి. పుట్టింట చేరి, చదువుకొని, ఉద్యోగము సంపాదించి, ఆ జీతముతో నాలుగు రాళ్లు కూడబెట్టెను. ఆమెకు బిడ్డలు లేరు. వీలునామా వ్రాయలేదు. 1996లో ఆమె కన్నుమూసినప్పుడు బ్యాంకులలోని సొమ్ము ఎవరిదను ప్రశ్న వచ్చెను. కడుపున పెట్టుకొని సాకిన తల్లి ఒకవైపు. వెడలగొట్టిన ఇంటివారి తరపున భర్త సోదరి కుమారులు మరియొకవైపు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టపు 15వ సెక్షను ప్రకారము, సంతానము లేని వితంతువు స్వార్జితము మొదట భర్త వారసులకు పోవును. వారు లేనిచోనే తల్లిదండ్రులకు. ఎంత కఠినముగా తోచినను చట్టపు మాటను సానుభూతి మార్చజాలదని 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆమె చెమటోడ్చి కూర్చిన ధనము ఆమెను గెంటివేసిన ఇంటివారికి చేరెను.

నేడు అదే స్థితిలో నున్న ఉపాధ్యాయినిని ఊహింపుడు. తన జీతముతో చిన్న యిల్లు కట్టుకొన్నది. చెల్లెలి కూతురు ఆమెను కనిపెట్టుకొని యున్నది. ఒకనాటి రాత్రి గుండెలో నొప్పి వచ్చినప్పుడు ఫోను తీసి, ఈ యిల్లు నీకేయని ఆ బిడ్డకు మాటలలో చెప్పి పంపినది. ఆ గొంతు ఆమెదేయని వీధివారందరు ఎరుగుదురు. ఆమె ఉద్దేశమేమో ఎవరికిని సందేహము లేదు. అయినను ఆమె మరణించినచో ఆ యిల్లు చెల్లెలి కూతురిది గాదు. బ్యాంకు ఖాతాకు ఆ బిడ్డను నామినీగా వ్రాసియుండిన చాలునని కొందరందురు. నామినీయనగా సొమ్ము పుచ్చుకొని న్యాయమైన వారసులకు అప్పగించు నమ్మకస్థుడే గాని యజమాని గాడని సుప్రీంకోర్టు 1983లో జీవితబీమా విషయమునను, 2023లో కంపెనీ వాటాల విషయమునను స్పష్టపరచినది. 2025 నవంబరులో ఇదే 15వ సెక్షనుపై వచ్చిన వ్యాజ్యమును ముగించుచు, స్త్రీలు, అందును హిందూ స్త్రీలు, ఆలస్యము చేయక వీలునామాలు వ్రాసికొనవలెనని ఆ న్యాయస్థానమే విజ్ఞప్తి చేసెను. న్యాయస్థానములు ఈ విధముగా ప్రజలను బతిమాలుట అరుదు.

అట్లయిన చట్టమునకు ఇంత పట్టుదల యెందుకు? అప్పుపత్రముపై వివాదము వచ్చినచో వ్రాసినవానిని బోనులో నిలిపి అడుగవచ్చును. దానపత్రము వ్రాసినవాడు బ్రదికియున్నచో అవునో కాదో చెప్పగలడు. వీలునామా మాట యట్లు గాదు. అది మాటాడుట మొదలుపెట్టునప్పటికి వ్రాసినవాని నోరు మూతబడును. 1958 నవంబరులో సుప్రీంకోర్టు తరపున న్యాయమూర్తి గజేంద్రగడ్కరు వ్రాసిన తీర్పు ఈ భేదమును చక్కగా వివరించినది. వణకిన సంతకము, సన్నగిల్లిన జ్ఞాపకము, అస్వాభావికమైన పంపకము, ఎక్కువ లాభము పొందువాడే దగ్గరుండి వ్రాయించుట, ఇట్టివి సందేహకారణములనియు, వానిని తొలగించు భారము వీలునామాను ముందుకు తెచ్చినవానిదే యనియు ఆ తీర్పు నిర్ణయించెను. నేటికిని క్రింది కోర్టులు దానినే పట్టుకొని నడచుచున్నవి. ఆ ఇద్దరు సాక్షుల పని ఇక్కడ తెలియును. వారు చూచునది సిరా గాదు, మనిషిని. స్పృహలో నున్నాడా, ప్రక్కగదిలో ఎవరైనను గుడ్లురిమి కూర్చున్నారా, తాను చేయుచున్నదేమో తనకు తెలియునా అనునది కన్నులతో చూచిన మనిషే తరువాత చెప్పగలడు. సాక్షి జీవించియుండి, పిలుపునకు అందుబాటులో నున్నంతవరకు, కనీసము ఒకనినైనను పిలిచి విచారింపనిదే వీలునామాను రుజువుగా గ్రహింపరాదని మన సాక్ష్యచట్టము చెప్పుచున్నది.

ఎలక్ట్రానిక్ సంతకము ఇందులో ఏది చేయగలదు, ఏది చేయలేదు? దాని యంత్రాంగము నిజముగా మెచ్చదగినదే. పత్రములోని అక్షరములన్నింటినుండి ఒక సంఖ్యను గణితముచే రాబట్టుదురు. ఒక కామా మారినను ఆ సంఖ్య మారిపోవును. సంతకము చేయువాని రహస్యపు తాళముతో ఆ సంఖ్యను ముద్రవేయుదురు. దానికి జోడైన బహిరంగపు తాళముతో ఎవరైనను సరిచూడవచ్చును. ముద్రపడిన తరువాత పత్రమును ఎవరు దిద్దినను తెలిసిపోవును. కాగితపు వీలునామాలో నడిమి పుటను మార్చివేసి సంపాదించిన పొలములు తెలుగుదేశమున ఎన్ని లేవు! ఆ మోసమునకు ఈ పద్ధతి గట్టి అడ్డుకట్ట.

కాని తాళము త్రిప్పిన చేయి ఎవరిదో గణితము చెప్పలేదు. మన ఇండ్లలో ఆధారుతో చేయు ఎలక్ట్రానిక్ సంతకమునకు సాధారణముగా ఫోనునకు వచ్చు ఓటీపీ అంకెలే ఆధారము. తాతగారి పింఛనుకు, గ్యాసుబండకు, రైలు టిక్కెట్టుకు వచ్చు ఓటీపీలన్నియు చదివి చెప్పునది మనుమడు. ఫోను తాతగారి పేరనున్నది. ఉండుట మనుమని చేతిలో. ఇది దోషము గాదు, ఆదరము. అయితే ఆ మనుమడే లబ్ధిదారుడైన వీలునామాకు అదే ఓటీపీ వచ్చినప్పుడు, 1958 నాటి తీర్పు చెప్పిన సందేహకారణము కంప్యూటరు రూపమున ముందు నిలుచును.

చట్టము చేసిన దేశములు ఈ చిక్కును గుర్తింపకపోలేదు. అమెరికాలోని నెవాడా రాష్ట్రము 2001లోనే ఎలక్ట్రానిక్ వీలునామాకు చోటిచ్చెను. ఫ్లారిడాలో శాసనసభ చేసిన చట్టమును 2017లో గవర్నరు త్రోసిపుచ్చగా, రెండేండ్లకు సవరించిన చట్టము వచ్చెను. 2019లో, రాష్ట్రములన్నియు అనుసరింపదగిన నమూనా చట్టమొకటి సిద్ధమయ్యెను. మరుసటి యేట యూటా రాష్ట్రము దానిని మొదట స్వీకరించెను. ఆ నమూనాలో గమనింపదగినది, కాగితమును విడిచినను సాధారణముగా ఇద్దరు సాక్షులను విడువకుండుట. సాక్షి గదిలోనే యుండవలెనా, తెరమీద కనబడిన చాలునా అనునది ఆయా రాష్ట్రముల యిష్టము. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రమును 2021 డిసెంబరునుండి ఎలక్ట్రానిక్ వీలునామాను అంగీకరించుచున్నది.

ఇంగ్లండు నడక మరియు జాగ్రత్త గలది. అక్కడ 1837 నాటి వీలునామాల చట్టమే నేటికిని ఆధారము. మన 63వ సెక్షను ఆ పోలికలోనిదే. కరోనా కాలములో ఒకే గదిలో చేరుట అసాధ్యమైనందున, సాక్షులు వీడియోద్వారా చూచినను చాలునని 2020లో సడలించిరి. అప్పుడును సంతకము మాత్రము కాగితముమీద, సిరాతోనే. ఆ కాగితము ఇంటినుండి ఇంటికి టపాలో తిరిగి సాక్షుల సంతకములు పొందవలసి వచ్చెను. 2024 జనవరి 31తో ఆ సడలింపు ముగిసినది. 2025 మే నెలలో అక్కడి న్యాయసంఘము, నమ్మదగిన పద్ధతి యుండినచో ఎలక్ట్రానిక్ వీలునామాను అంగీకరింపవచ్చునని సిఫారసు చేసెను. సిఫారసు చట్టము గాదు.

మన దేశములో అదే కరోనా కాలమున ఎందరో, సాక్షులను లోనికి రానీయని వార్డులలో, ఫోనులోనే తుదిమాటలు చెప్పి వెడలిపోయిరి. అట్టివారికొరకు చట్టము సడలలేదు.

సాక్షుల చిక్కు తీరినను మిగిలిన చిక్కులు రెండు కలవు. మొదటిది రద్దు. మనసు మారినవాడు కాగితపు వీలునామాను చింపవచ్చును, పొయ్యిలో వేయవచ్చును. రద్దు చేయు ఉద్దేశముతో చేసిన ఆ పనిని చట్టమే గుర్తించును. కంప్యూటరులోని పత్రమునకు అసలేది, నకలేది? ఒకటి చెరిపిన, ఈమెయిలులో రెండవది, మేనల్లుని ఫోనులో మూడవది మిగులును. ఏది చివరి సంకల్పమో చెప్పవలసినవాడు లేడు. రెండవది నిలుకడ. వీలునామా వ్రాసిన నలుబది ఏండ్లకు తెరువబడవచ్చును. తెలుగువారికి ఈ కష్టము అనుభవములోనిదే. యూనికోడు వ్యాపింపకముందు ఆయా సంస్థల సొంత అక్షరరూపములతో కూర్చిన తెలుగు పత్రములు, ఆ అక్షరములు లేని కంప్యూటరులో తెరచినచో, అర్థములేని గుర్తుల వరుసలుగా కనబడును. తాతల నాటి తాటాకును దుమ్ము దులిపి చదువవచ్చును. పాతిక ఏండ్ల నాటి ఫ్లాపీని చదువుటకు యంత్రము వెదకవలెను.

ఇన్ని చిక్కులున్నవని తలుపు ఎల్లకాలము మూసియుంచుట న్యాయము గాదు. దుబాయిలోనో డల్లాసులోనో ఉన్న తెలుగువాడు స్వగ్రామపు పొలము విషయమున వ్రాయదలచినప్పుడు, మంచము దిగలేని వృద్ధుడు వ్రాయదలచినప్పుడు, ఎలక్ట్రానిక్ మార్గము సౌకర్యము మాత్రమే గాదు, అవసరము. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టములో ఇందుకు పనికివచ్చు పాత యేర్పాటు ఒకటి కలదు. వీలునామాను సీలువేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద దాచుకొనవచ్చును. బ్రదికియుండగా తిరిగి తీసికొనవచ్చును. మరణానంతరము దరఖాస్తు పెట్టుకొన్నచో రిజిస్ట్రారు తెరచి దానిని నమోదు చేయును. ఆ కవరునే ఎలక్ట్రానిక్ రూపమున ఉంచి, అసలు ప్రతి అదొక్కటేయని నిర్ణయించి, సాక్షులిద్దరిని సంతకపువేళ రిజిస్ట్రారు ఉద్యోగి యెదుట నిలిపినచో, నకళ్ల చిక్కును, ఓటీపీ చిక్కును చాలవరకు విడిపోవును. కావలసినది క్రొత్త యంత్రముకన్న, పాత కవరును క్రొత్తగా చదువగల శాసనకర్త.

అంతవరకు ఆ ఉపాధ్యాయినికి తెల్లకాగితమే శరణ్యము. స్టాంపు అక్కరలేదు. రిజిస్ట్రేషను నిర్బంధము గాదు, చేయించిన మంచిదే. తనకు వచ్చిన తెలుగులో, ఇల్లు ఏ వీధిలోనిదో, ఖాతా ఏ బ్యాంకుదో, ఎవరికి చెందవలెనో వ్రాసి తేదీ వేయవలెను. మధ్యాహ్నపు విరామములో ఇద్దరు సహోపాధ్యాయుల యెదుట సంతకము చేసి, వారిచేత అప్పుడే సంతకములు చేయింపవలెను. అందులో ఏమున్నదో వారు చదువనక్కరలేదు. తనకన్న చిన్నవయసువారైనచో మేలు. రేపు చెప్పవలసివచ్చినప్పుడు ఉండవలెను గదా. సంతకము చేయు దృశ్యమును ఫోనులో చిత్రించినను తప్పులేదు. అది వీలునామా గాకున్నను, ఆమె ఆరోగ్యమునకు, స్వేచ్ఛకు సాక్ష్యముగా ఉపకరింపవచ్చును. పిదప ఆ కాగితమును బీరువాలో ఏ అరలో దాచినదో చెల్లెలి కూతురికి తెలుపవలెను. ఆ ఒక్కమాట మాత్రము ఫోనులో చెప్పినను చాలును.